సర్కారు తుమ్మకు ట్రాక్టరా, గడ్డపారా?

కొన్నేళ్లు మనిషి అలికిడి లేని పెరడు సర్కారు తుమ్మ పాలవుతుంది. అమెరికా ఖండం నుంచి వచ్చిన ఈ చెట్టును 1877 ప్రాంతంలో కడప జిల్లా కమలాపురంలో వంటచెరకు కోసం నాటించారు. ఇప్పుడది రాయలసీమలో, తెలంగాణలో చెరువుగట్ల మీదా ఖాళీ స్థలాల్లోనూ కంపలా అల్లుకుపోయింది. దొడ్డి బాగుచేయించాలంటే ట్రాక్టరు పిలవాలా, కూలీలను పెట్టాలా అన్నది చాలామందికి ఎదురయ్యే ప్రశ్న.

ట్రాక్టరు వైపు బలమైన కారణమే ఉంది. ఈ చెట్టు నరికితే చావదు. మట్టి కింద జానెడు లోతు దాకా మొద్దుకు మొగ్గలుంటాయి, వాన పడగానే అక్కణ్ణుంచే గుత్తులుగా పిలకలు లేస్తాయి. అందుకే గొడ్డలితో పైపైన కొట్టించినవాళ్లకు మళ్లీ మళ్లీ కూలి ఖర్చు తప్పదు. చెట్టు మొదలుకు గొలుసు చుట్టి ట్రాక్టరుతో లాగిస్తే మొద్దు వేరుతో సహా పెకలివస్తుంది. ముళ్ల మధ్య వంగి తవ్వే కూలీల కష్టం కూడా తగ్గుతుంది. విరిగిన ముల్లు కాలిలో ఉండిపోతే ఎంత బాధో పడినవాళ్లకే తెలుసు.

అయితే ప్రమాదం చిన్నది కాదు. గొలుసును ట్రాక్టరు వెనక కిందనున్న హుక్కుకే తగిలించాలి. ఇరుసు కన్నా పైన కట్టి లాగితే, మొద్దు కదలనప్పుడు ముందుచక్రాలు గాల్లోకి లేచి బండి వెనక్కి తిరగబడుతుంది. డ్రైవరుకు క్లచ్చు తొక్కే వ్యవధి కూడా ఉండదు. గొలుసు తెగితే చుట్టూ నిలబడ్డవాళ్ల ప్రాణాల మీదికి వస్తుంది. గోడ వార చెట్టును లాగితే పునాది కదలవచ్చు, నీళ్ల పైపు పగలవచ్చు. నేల మరీ తడిగా ఉంటే చక్రాల కింద మట్టి అణగి గట్టిపడుతుంది, మరీ ఎండితే వేరు మధ్యలో తెగిపోతుంది.

కూలీల పని నిదానం, కానీ చూపున్న పని. పక్కనున్న కరివేపాకు మొక్కకు దెబ్బ తగలకుండా గడ్డపారతో మట్టి తోడి, వేరును జానెడు లోతుకు మించి నరకగలరు.

నా అభిప్రాయంలో విశాలమైన దొడ్డిలో లావాటి మొద్దులకు ట్రాక్టరే మేలు. వాన వెలిసి నేల పదునుకొచ్చాక, అనుభవమున్న డ్రైవరుతో, పిల్లల్ని దూరంగా ఉంచి చేయించాలి. గోడలు, బోరు, పైపుల దగ్గర మాత్రం ఖర్చెక్కువైనా మనుషులతోనే తవ్వించాలి.

ఎవరు పెకలించినా పని అక్కడితో తీరదు. మేకలు, పశువులు తియ్యటి కాయలు తిని వేసిన పేడలో గింజలు చెక్కుచెదరకుండా ఉంటాయి. తిరగేసిన మట్టిలో తొలకరికే అవి మొలుస్తాయి. వేలెడు మొలకగా ఉన్నప్పుడు చేత్తో పీకేయవచ్చు, ఏడాది ఆగితే మళ్లీ గడ్డపార పట్టాలి. అందుకే ట్రాక్టరు కిరాయి మాట్లాడుకునే రోజే, ఖాళీ అయిన నేలలో ఏం నాటాలో, మొలకలు ఎవరు పీకాలో ఇంట్లో తేల్చుకోవాలి.