ప్రింటరు చెడిపోలేదు, నంబరు మారింది

మా ఇంట్లో మిక్సీ ఆగిపోతే నన్ను పిలుస్తారు. మోటారు నీళ్లు లాగకపోయినా, గ్యాస్ పొయ్యి మంట సన్నగా వచ్చినా నన్నే పిలుస్తారు. కంప్యూటరు దగ్గరికి వచ్చేసరికి మాత్రం "నువ్వు ముట్టుకోబాక, అబ్బాయి సంక్రాంతికొచ్చి చూస్తాడులే" అంటారు మా ఆయన. మీ ఇళ్లల్లోనూ ఇంతేనా?

మొన్న వానలకి మా మైపాడు వైపు రెండు రోజులు కరెంటు లేదు. కరెంటు వచ్చాక నెట్టూ వచ్చింది, అత్తయ్య సీరియలూ వచ్చింది. ప్రింటరు ఒక్కటే కంప్యూటరుకి దొరకడం లేదు. ఎన్నిసార్లు నొక్కినా ఆఫ్‌లైన్ అనే మాటే. నెల్లూరు నుంచి ఒక మెకానిక్ వచ్చాడు. తీగలు పీకి మళ్లీ పెట్టాడు. "సముద్రం పక్కన ఇల్లు కదమ్మా, ఉప్పు గాలికి బోర్డు పోయుంటుంది, కొత్తది కొనండి" అని నాలుగు వందలు తీసుకుని వెళ్లాడు. ఉప్పు గాలి అంటే మావాళ్లు దేన్నయినా నమ్ముతారు. కిటికీ ఊచలు, సైకిలు చైనూ తుప్పు పట్టడం రోజూ చూస్తున్నవాళ్లం కదా. మా ఆయన కొత్త ప్రింటరు ధర కూడా అడిగొచ్చారు.

ఆ వారమే మామయ్యని గుండె పరీక్షకి చెన్నై తీసుకెళ్లాలి. పాత రిపోర్టులన్నీ కాగితం మీద తెమ్మన్నారు డాక్టరుగారు. ఇరవై మూడు పేజీలు, అన్నీ కంప్యూటర్లో ఉన్నాయి. రేపు తెల్లవారుజామున రైలు. రాత్రి తొమ్మిదయ్యింది, జిరాక్స్ షాపు మూసేశారు, ఆయన రొయ్యల గుంటల దగ్గరే ఉన్నారు. ఇక నేనే కూర్చున్నా.

బీఏలో పద్యానికి అన్వయం రాసేటప్పుడు, ముందు క్రియని పట్టుకోండి, తర్వాత కర్త ఎవరో వెతకండి అనేవారు మా మాస్టారు. అన్ని పదాల మీదా ఒక్కసారే పడితే ఏదీ తెగదు. ఇదీ అంతే అనిపించింది. కంప్యూటర్లో నెట్ వస్తోంది కాబట్టి దాని తప్పు కాదు. ప్రింటరు సంగతి ఎట్టా తెలుస్తుంది? నా ఫోన్లోంచి పాప ఫొటో ఒకటి ప్రింటుకి పంపా. గరగరమంటూ వచ్చేసింది! బోర్డు పోయిన ప్రింటరు ఫొటో ఎట్టా వేస్తుందండీ? రిపోర్టులన్నీ వాట్సాప్‌లో ఫోన్‌కి పంపుకుని, ఆ రాత్రే ఇరవై మూడు పేజీలూ తీశా.

మామయ్య వాళ్లు చెన్నై వెళ్లాక మళ్లీ కూర్చున్నా. ప్రింటరు మీద మెనూలో నెట్‌వర్క్ రిపోర్టు అని ఒకటుంది, నొక్కితే తన వివరాలు తనే అచ్చు వేసి ఇస్తుంది. అందులో దాని ఐపీ అడ్రసు 192.168.1.9 అని ఉంది. కంప్యూటర్లో ప్రింటర్ ప్రాపర్టీస్‌లో పోర్ట్స్ దగ్గర చూస్తే 192.168.1.5 అని ఉంది. ఇంకేముంది, దొంగ దొరికాడు.

సంగతేమిటంటే, ఇంట్లో ఉన్న ఫోను, టీవీ, ప్రింటరు అన్నిటికీ రౌటరే నంబర్లు ఇస్తుంది. కరెంటు పోయి వస్తే కొన్ని రౌటర్లు పాత నంబర్లు మర్చిపోయి, ముందు లేచినవాళ్లకి ముందు అన్నట్టు పంచేస్తాయి. ఈ 192.168తో మొదలయ్యే నంబర్లు ఇంటి లోపలి వాడకానికని 1994 నుంచీ విడిగా ఉంచినవే, మీ ఇంట్లోనూ ఇవే ఉండొచ్చు. ఫోను ప్రింటరుని పేరుతో వెతుక్కుంటుంది కాబట్టి దానికి దొరికింది. కంప్యూటరు పాత నంబరు పట్టుకుని కూర్చుంది. ఆ 5వ నంబరుకి పింగ్ కొడితే జవాబు కూడా వచ్చింది. ఎవరా అని చూస్తే హాల్లో టీవీ! ఇన్నాళ్లూ మామయ్య గుండె రిపోర్టులని అత్తయ్య సీరియలుకి పంపుతున్నానన్నమాట.

పోర్టులో 9 వేశాక ప్రింట్ వచ్చింది. కానీ మళ్లీ కరెంటు పోతే? ఆ నంబరు ప్రింటరుకే ఉండేట్టు రౌటర్లో రాసి పెట్టొచ్చు, అడ్రస్ రిజర్వేషన్ అంటారు. దానికి రౌటరు పాస్‌వర్డు కావాలి. అబ్బాయికి ఫోన్ చేస్తే "నీకెందుకమ్మా, నేనొచ్చాక చేస్తాలే" అన్నాడు. నాకు మండింది. వాడు హైదరాబాదులో, వాళ్ల నాన్న గుంటల దగ్గర. రోజంతా ఈ రౌటరుతో కాపురం చేసేది నేను. బీరువా తాళాలు నా కొంగుకి ఉన్నాయి, బంగారం ఎక్కడుందో నాకు తెలుసు. ఒక ప్లాస్టిక్ డబ్బా పాస్‌వర్డు మాత్రం నాకు చెప్పకూడదా? మనం చెడగొడతామని భయం. ఆ భయంతోనే బాగున్న ప్రింటరు చెత్తలోకి పోబోయింది. వాళ్లని అని ఏం లాభం, "నాకు తెలీదులే" అని ఇన్నేళ్లు తప్పుకున్నది నేనేగా.

కాసేపు వాదించాక చెప్పాడు. పావుగంట పని. ఆ ప్రింటరు పక్కన చిన్న చీటీ మీద 9 అని రాసి అంటించా.

మామయ్య రిపోర్టులు బాగానే ఉన్నాయి, మందులు తగ్గించారు. రౌటరుకి కొత్త పాస్‌వర్డు పెట్టా. అదేమిటని మా ఇంట్లో ఇంకా ఎవరూ అడగలేదు.