గ్యాస్ అని సరిపెట్టుకోవడం ఇక చాలు

ఉదయం ఓ.పి. తెరిచే వేళకు మా వరండాలో బల్లల మీద కూర్చున్నవారిని "ఏమిటమ్మా ఇబ్బంది?" అని అడిగితే ఎక్కువగా వినిపించే జవాబు "గ్యాసండీ" అని. కడుపు ఉబ్బినా గ్యాసే, తల తిరిగినా గ్యాసే, నడుము పట్టేసినా గ్యాసే. ముప్పై ఏళ్ళుగా ఈ మాట వింటున్నాము. వినీ వినీ మేము కూడా కాగితం మీద అదే రాసుకుని, అదే బిళ్ళ ఇచ్చి పంపడానికి అలవాటుపడిపోయాము. ఈ అలవాటు తప్పని మాకు గట్టిగా తెలియజెప్పిన ఒక లక్షణాన్ని గురించి ఈ సంచికలో రాయదలచాము. అది కుళ్ళిన కోడిగుడ్డు వాసనతో మాటిమాటికీ వచ్చే త్రేన్పు. చెప్పుకోవడానికి సిగ్గు, వినడానికి వెగటు. కాబట్టి దీని గురించి ఎవరూ నోరు విప్పరు.

ఇంట్లో మిషను కుట్టుకునే ఒక తల్లి మా దగ్గరకు వచ్చింది. మాట్లాడుతున్నంతసేపూ చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకునే ఉంది. పది నెలలుగా ఈ కంపు త్రేన్పులు. నోరు సరిగా కడుక్కోవడం లేదని ఇంట్లో అత్తగారు అన్నారట. పళ్ళ డాక్టరు దగ్గర పళ్ళు శుభ్రం చేయించుకుంది, లవంగాలు నమిలింది, సోడాలు తాగింది. కొలతలు తీసుకునేటప్పుడు దగ్గరగా నిలబడాలంటే భయమేసి, బేరాలు కూడా తగ్గించుకుంది. మెడికల్ షాపులో అడిగితే గ్యాస్ బిళ్ళ ఇచ్చారు. రోజూ పరగడుపున ఒకటి వేసుకుంటూ వచ్చింది.

మేము సిగ్గుతో ఒప్పుకోవలసిన సంగతి ఒకటుంది. ఆమె అంతకు ముందే రెండుసార్లు మా ఓ.పి.కి వచ్చింది. రెండుసార్లూ చీటీలో "గ్యాస్ట్రైటిస్" అని ఉంది. రెండోసారి మలపరీక్షకు రాశారు, మేము చిన్న డబ్బా చేతికిచ్చాము. ఆమె తిరిగి తేలేదు. "శాంపిల్ ఇవ్వలేదు" అని రాసి ఊరుకున్నాము. ఎందుకు ఇవ్వలేదో మూడోసారి వచ్చినప్పుడు గాని అడగలేదు. "ల్యాబు కిటికీ దగ్గర మగవాళ్ళు వరసలో ఉన్నారు సిస్టరమ్మా, ఆ డబ్బా పట్టుకుని ఎలా నిలబడను?" అంది. అప్పుడు వివరంగా అడిగాము. పదిహేను రోజులకోసారి విరేచనాలు పడుతున్నాయి. మలం జిడ్డుగా, నీళ్ళ మీద తేలుతూ, భరించలేని వాసనతో ఉంటోంది. ఆరు కిలోల బరువు తగ్గింది. ఇవన్నీ ఆమెకు తెలుసు. అడిగినవాళ్ళే లేరు.

మా నర్సింగు విద్యార్థిని ఒకమ్మాయి ఆమెను వార్డు బాత్‌రూముకు తీసుకువెళ్ళి, డబ్బాను కాగితంలో చుట్టి తానే ల్యాబుకు పట్టుకెళ్ళింది. మొదటి శాంపిల్‌లో ఏమీ కనబడలేదు. రెండో రోజుదీ అంతే. మూడో శాంపిల్‌లో జియార్డియా దొరికింది.

జియార్డియా అంటే చిన్నపేగుకు అంటుకుని బతికే, కంటికి కనబడని ఒక పరాన్నజీవి. ఇది కొత్తగా వచ్చిందేమీ కాదు. 1681లోనే హాలెండు దేశస్థుడు లీవెన్‌హుక్ తన విరేచనాన్ని తాను చేసుకున్న సూక్ష్మదర్శినిలో పెట్టి దీనిని చూశాడు. (మలాన్ని పరీక్షించడానికి ఆయన సిగ్గుపడలేదని మా విద్యార్థినులకు చెబుతుంటాము.) ఇది గట్టి పెంకు కట్టుకుని మలంలో బయటికి వస్తుంది. ఆ పెంకుతో చల్లని నీళ్ళలో వారాల తరబడి బతుకుతుంది. నీళ్ళలో మామూలుగా కలిపే క్లోరిన్‌కు తేలిగ్గా లొంగదు. కళపెళ మరిగించిన నీళ్ళలో మాత్రం నిమిషంలో చస్తుంది. కడుపులోకి వెళ్ళిన ఒకటి నుంచి మూడు వారాలకు బాధలు మొదలవుతాయి. అందువల్ల ఎక్కడ తాగిన నీళ్ళు కారణమో ఎవరికీ గుర్తుండదు. ప్రతి రోజూ మలంలో కనబడదు కాబట్టి మూడు వేర్వేరు రోజుల శాంపిల్స్ చూడాలి. ఒకసారి చూసి "ఏమీ లేదు" అన్నంత మాత్రాన లేదని కాదు.

"మేము క్యాన్ నీళ్ళే తాగుతాం కదండీ" అని ఆమె ఆశ్చర్యపోయింది. నిజమే. కాని ఆ నీళ్ళు బిందెలో పోసుకుని, గ్లాసు చేత్తో ముంచుకుంటారు. నోరు పుక్కిలించేదీ, కొత్తిమీర కడిగేదీ, పసిబిడ్డ పాలసీసా తొలిచేదీ వీధి కొళాయి నీళ్ళతో. ఆ కొళాయి గొట్టం మురుగు కాలువ పక్కనుంచే వస్తుంది. అసలు ఎక్కడినుంచి వచ్చిందో ఖాయంగా చెప్పలేము. ఆమె చిన్న కొడుక్కు కూడా ఉందని పరీక్షలో తేలింది. ఇంట్లో ఒకరి చేతినుంచి ఒకరికి ఇది తేలిగ్గా పాకుతుంది.

అంతమాత్రాన ఇది చదివి మెడికల్ షాపుకు వెళ్ళి మెట్రోనిడజోల్ కొనుక్కోవద్దు. విరేచనాలు పట్టగానే ఆ బిళ్ళ రెండు వేసుకుని, కట్టగానే మానేసేవారిని ఎంతోమందిని చూశాము. మందు ఏది, ఎన్ని రోజులు అన్నది డాక్టరు చెప్పాలి, చెప్పినన్ని రోజులూ వాడాలి. నోరు ఇనుము నాకినట్టు ఉంటుంది, అది మందు స్వభావం. ఆ రోజుల్లో సారా, బ్రాందీ ముట్టకూడదు. జబ్బు తగ్గిన తరువాత కూడా కొన్ని వారాలు పాలు పడకపోవచ్చు. తాగితే మళ్ళీ ఉబ్బరం, విరేచనాలు వచ్చి, జబ్బు తిరగబెట్టిందని భయపడతారు. పేగు పొర మానేదాకా పాలు తగ్గించి పెరుగు, మజ్జిగ తీసుకుంటే చాలామందికి సర్దుకుంటుంది.

ఇంతకీ ఆ వాసన ఎందుకు వస్తుంది? కోడిగుడ్డు, మాంసం, వెల్లుల్లి, ఉల్లి, కాబేజీ, ముల్లంగి వంటి వాటిలో గంధకం కలిసిన పదార్థాలు ఉంటాయి. కడుపులో, పేగులో ఉన్న సూక్ష్మజీవులు వాటిని విడగొట్టినప్పుడు హైడ్రోజన్ సల్ఫైడ్ అనే వాయువు పుడుతుంది. కుళ్ళిన గుడ్డులో ఉండేదీ అదే. పెళ్ళి భోజనంలో మాంసం ఎక్కువై మర్నాడు ఇలాంటి త్రేన్పులు వస్తే కంగారు లేదు, ఒకటి రెండు రోజుల్లో పోతుంది. వారాల తరబడి మళ్ళీ మళ్ళీ వస్తుంటే మాత్రం తిన్నది కడుపులో ఉండవలసిన దానికంటే ఎక్కువసేపు ఉంటోందా, లేక అక్కడ ఉండకూడనిది ఏదైనా చేరిందా అని చూడాలి.

ఎక్కువసేపు ఉండిపోవడం షుగరు జబ్బు వారిలో మేము తరచు చూస్తున్నాము. "రాత్రి తిన్న గోంగూర పొద్దున్నే త్రేన్పులో వస్తోంది సిస్టరుగారూ" అని ఒక పెద్దాయన అన్నారు. నవ్వుతూనే అన్నారు గాని, ఆయనకు షుగరు పద్దెనిమిదేళ్ళుగా ఉంది. ఏళ్ళ తరబడి షుగరు అదుపులో లేకపోతే కాళ్ళ నరాలు మొద్దుబారినట్టే కడుపును కదిలించే నరమూ దెబ్బతింటుంది. అన్నం కిందికి దిగదు. నాలుగు ముద్దలకే కడుపు నిండిపోతుంది. గంటల తరువాత తిన్నది తిన్నట్టే వాంతి అవుతుంది. దీనిలో ఇంకో ప్రమాదం ఉంది. ఇన్సులిన్ వేసుకుని తిన్నా, తిన్నది సమయానికి పేగులోకి దిగదు కాబట్టి షుగరు ఒక్కసారిగా పడిపోవచ్చు. ఇలాంటి వారికి గ్యాస్ బిళ్ళ ఎన్ని ఇచ్చినా ప్రయోజనం లేదు. కొద్దికొద్దిగా, మెత్తగా, నూనె తగ్గించి తినడం, షుగరు సరిచేసుకోవడం, డాక్టరు ఇచ్చే మందు వాడడం కావాలి.

షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్ కూడా కొందరికి కడుపు తిప్పుతుంది. 2025లో మన దేశంలో టిర్జెపటైడ్, సెమాగ్లుటైడ్ అనే వారానికొక ఇంజెక్షన్లు షుగరుకు, బరువు తగ్గడానికి అమ్మకానికి వచ్చాయి. ఇవి పనిచేసే తీరులో కడుపు ఖాళీ కావడాన్ని నెమ్మదింపజేయడం ఒక భాగం. కాబట్టి అవి వాడేవారిలో కొందరికి ఈ కంపు త్రేన్పులు రావడంలో వింత లేదు. మాకు చెప్పకుండా దాచేవారు ఉన్నారు, సన్నబడడానికి సూది వేసుకుంటున్నామంటే నవ్వుతారని. నవ్వము. దయచేసి చెప్పండి. మీ అంతట మీరు ఆపేయవద్దు కూడా.

ఇక హెలికోబాక్టర్ పైలోరీ. కడుపులో పుండ్లకు ముఖ్య కారణమైన సూక్ష్మక్రిమి ఇది. పుండ్లు దిగులు వల్ల, కారం వల్ల వస్తాయని మా శిక్షణ కాలంలో మాకు నేర్పారు. ఆస్ట్రేలియాకు చెందిన బారీ మార్షల్ 1984లో ఈ క్రిములున్న ద్రవాన్ని తానే తాగి చూశాడు. కొద్ది రోజుల్లోనే వికారం, వాంతులు, నోటి దుర్వాసన పట్టుకున్నాయి. 2005లో ఆయనకూ రాబిన్ వారెన్‌కూ నోబెల్ బహుమతి వచ్చింది. మన దేశంలో ఎంతోమంది పెద్దల కడుపులో ఈ క్రిమి ఉంటుంది, ఎక్కువమందికి ఏ బాధా ఉండదు. బాధ ఉన్నవారికి శ్వాస పరీక్షో మలపరీక్షో ఎండోస్కోపీయో చేసి, ఉన్నట్టు తేలితే సుమారు రెండు వారాలు మందులు ఇస్తారు. పరీక్షకు ముందు రెండు వారాలు ఒమెప్రజోల్, పాంటొప్రజోల్ వంటివి ఆపాలి. లేకపోతే క్రిమి ఉన్నా లేనట్టు కనబడవచ్చు. ఏళ్ళుగా రోజూ బిళ్ళ వేసుకుంటున్న సంగతి డాక్టరుకు చెప్పకపోతే వచ్చే చిక్కు ఇదే.

ఆ బిళ్ళల మీద మాకు కోపం లేదు. పుండ్లు ఉన్నవారికి, ఛాతీలో మంట ఎక్కువగా ఉన్నవారికి, గుండె జబ్బుకు ఆస్పిరిన్ వాడే కొందరికి అవి నిజంగా కావాలి. అలా డాక్టరు రాసినవారు మానవద్దు. కాని కడుపులో ఆమ్లం దేవుడు ఊరికే పెట్టలేదు. నీళ్ళతో, తిండితో వచ్చే క్రిములను చాలావరకు వాకిట్లోనే చంపేది అదే. ఆ ఆమ్లాన్ని నెలల తరబడి అణచిపెడితే పేగులకు ఇన్ఫెక్షన్లు తేలిగ్గా సోకుతాయి. ఎక్కువ కాలం వాడితే బి-12 విటమిన్ కూడా తగ్గవచ్చు. ఒకప్పుడు వార్డులో ఏ జబ్బుతో చేరినవారికైనా ఒక రానిటిడిన్ ఇంజెక్షన్ పడాల్సిందే, మా చేతులతోనే వేశాము. ఆ మందులో 2019లో ఎన్.డి.ఎం.ఎ. అనే హానికర పదార్థం బయటపడింది. 2022లో మన దేశపు అత్యవసర మందుల జాబితానుంచి దానిని తీసేశారు. "నిరపాయమైన బిళ్ళ" అని మేము కూడా అన్న రోజులు గుర్తుకొస్తే ఇప్పుడు బాధ కలుగుతుంది.

కొన్ని గుర్తులు ఉంటే ఒక్క రోజు కూడా ఆగకూడదు. నల్లగా తారులాంటి విరేచనం, రక్తపు వాంతి, మింగుడు పడకపోవడం, నిన్న తిన్న అన్నం ఇవాళ వాంతి కావడం, కారణం లేకుండా బరువు తగ్గడం. యాభై దాటిన తరువాత కొత్తగా మొదలైన అజీర్తి కూడా అంతే. పాత పుండు మాని కడుపు చివర ద్వారం ముడుచుకుపోయినా, అక్కడ గడ్డ పెరిగినా త్రేన్పులు ఇలాగే కంపు కొడతాయి. ఇక ఛాతీ బరువెక్కి, చెమటలు పట్టి, ఎడమ చెయ్యో దవడో లాగుతుంటే అది గ్యాస్ అని సోడా కలుపుకుని పడుకోవద్దు. అలా పడుకుని తెల్లవారాక మా క్యాజువాలిటీకి వచ్చినవారిలో కొందరిని ఇంటికి పంపలేకపోయాము. వెంటనే ఇ.సి.జి. తీయించండి. అది గుండె కాదని తేలితే ఎవరూ మిమ్మల్ని తిట్టరు.

మెడికల్ షాపు వారినీ, ఊళ్ళో మొదట చెయ్యి పట్టి చూసే ఆర్.ఎం.పి.లనూ మేము కోరేది ఒక్కటే. అదే మనిషి అదే బిళ్ళ కోసం రెండో నెల వస్తే, అట్ట ఇచ్చే ముందు ఆసుపత్రిలో చూపించుకొమ్మని చెప్పండి. మా నర్సులకైతే కోరడం కాదు, ఇకనుంచి పద్ధతి మార్చాము. గ్యాస్ అన్న ప్రతివారినీ నాలుగు విషయాలు అడిగి చీటీ మీద రాయాలి. ఎన్నాళ్ళుగా, ఏ నీళ్ళు, ఏ మందులు, మలం ఎలా ఉంటోంది. పక్కన జనం లేకుండా, నెమ్మదిగా అడగాలి.

శాంపిల్ డబ్బా కోసం ల్యాబు కిటికీ దగ్గర నిలబడనక్కరలేదు. ఓ.పి.లో ఉన్న సిస్టరును అడగండి, మూతబిగువు డబ్బాను కాగితం సంచిలో పెట్టి ఇస్తారు. బఠాణీ గింజంత చాలు. మూత్రం, నీళ్ళు కలవకుండా చూడండి. తీసిన గంటలోపల తెస్తే మంచిది, పొద్దున్నే వీలు కాకపోతే ఇక్కడి బాత్‌రూము వాడుకోవచ్చు. సంచి తిరిగి సిస్టరు చేతికే ఇవ్వండి, పేరు రాసి ల్యాబుకు మేమే పంపుతాము.