మోటారు బాగానే ఉంది, గాలికే దారి లేదు

డాలస్ చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లలో నెలాఖరు వచ్చిందంటే చెత్త డబ్బాల పక్కన వాక్యూమ్ క్లీనర్లు నిలబడి కనిపిస్తాయి. ఇళ్లు మారేవాళ్లు వదిలేసి వెళ్లినవి. పొడుగాటి హ్యాండిల్, కింద వెడల్పాటి తల, నిలువుగా తోసుకుంటూ వెళ్లే రకం. అప్‌రైట్ అంటారు. గోడ నుంచి గోడ దాకా కార్పెట్ పరిచిన ఇళ్లకు సరిపోయే యంత్రం అదే. నేను తెనాలిలో చాలా ఏళ్లు మోటార్ వైండింగ్ షాపు నడిపినవాణ్ని. మా అమ్మాయి దగ్గరికి వచ్చినప్పుడల్లా తెలిసినవాళ్ల ఇళ్లలో మూలపడ్డ ఇలాంటి యంత్రాలు విప్పి చూస్తుంటాను. మోటారు నిజంగా కాలిపోయినవి బహు తక్కువ. మిగతావాటి జబ్బు ఒక్కటే, గాలి వెళ్లే దారి మూసుకుపోవడం. కొనేటప్పుడు అందరూ మోటారు బలం గురించే అడుగుతారు, అమ్మేవాళ్లూ దాని గురించే చెబుతారు. గాలి దారి మాట ఎత్తేవాళ్లు లేరు.

ఇందులో ఉండేది చాలావరకు మన మిక్సీలో ఉండే రకం మోటారే. ఆర్మేచర్, కమ్యుటేటర్, రెండు కార్బన్ బ్రష్షులు. షాఫ్టుకి ఒక ఫ్యాను. ఫ్యాను గాలిని బయటికి తోసేసరికి లోపల ఒత్తిడి తగ్గుతుంది. అప్పుడు బయటి గాలి కింది తల గుండా దూసుకొస్తూ దుమ్మును మోసుకొస్తుంది. ఆ ప్రవాహం ఎక్కడ తగ్గినా దుమ్ము ఉన్నచోటే ఉంటుంది. దారి మూసుకుపోయినప్పుడు యంత్రం గొంతు మారుతుంది, సన్నబడి కీచుమంటుంది. పాపం మోటారు కష్టపడుతోందనుకుంటారు చాలామంది. జరిగేది దానికి తలకిందులు. తోయడానికి గాలి దొరక్క ఫ్యాను మీద లోడు తగ్గింది, అందుకే వేగం పెరిగింది. చాలా మోడళ్లలో మోటారును చల్లబరిచేది కూడా ఆ గాలే. అది అందకపోతే వేడెక్కుతుంది. ఇంట్లో వాడేవాళ్లకు నేను మొదట చెప్పేది ఈ శబ్దం గురించే. గొంతు మారిందంటే ఆపేయండి, ప్లగ్గు తీసేయండి, ఆ తర్వాత వెతకండి.

మా అమ్మాయి స్నేహితురాలు ఒకమ్మాయి తన యంత్రం తీసుకొచ్చింది. "అంకుల్, మధ్యలో టక్కున ఆగిపోయింది. మోటారు కాలిపోయినట్టుంది, కొత్తదానికి ఆర్డర్ పెట్టేశాం" అంది. పాత దుప్పటి పరిచి యంత్రాన్ని పడుకోబెట్టి ముందు వాసన చూశాను. కాయిల్ కాలితే వార్నిష్ మాడిన వాసన వస్తుంది. అది లేదు. దుమ్ము డబ్బా గీత దాటి నిండి ఉంది. పైనున్న స్పాంజి ఫిల్టరు అసలు రంగేమిటో తెలియకుండా ఉంది. గొట్టం ఊడదీసి ఒక చివర సెల్‌ఫోన్ లైటు వేస్తే రెండో చివర వెలుగు కనిపించలేదు. వంపు దగ్గర చంటిపిల్లాడి సాక్సు ఇరుక్కుని, దాని చుట్టూ వెంట్రుకలూ కార్పెట్ నూగూ ఉండకట్టాయి. చెక్క గరిటె కాడతో నెట్టి తీశాను. ఇనపతీగ పెడితే గొట్టానికి చిల్లు పడుతుంది, ఆ తర్వాత ఎంత మోటారున్నా గాలి ఆ చిల్లులోంచే వస్తుంది. అంతా దులిపి, గంటసేపు ఆగి ప్లగ్గు పెడితే తిరిగింది. వేడెక్కితే తనంతట తానే ఆగిపోయే థర్మల్ కటాఫ్ ఈ యంత్రాల్లో చాలావాటికి ఉంటుంది. చల్లారాక, అడ్డు తీశాక మళ్లీ నడుస్తుంది. ఆ అమ్మాయి ఆర్డరు రద్దు చేసుకుంది.

అసలు పని చేసేది అడుగున తిరిగే బ్రష్షు. యంత్రాన్ని తిరగేస్తే రోలరు కనిపిస్తుంది, దానిమీద వరసలుగా కుచ్చులు. కార్పెట్ పోగుల మధ్య దిగిన ఇసుకను కొట్టి లేపేది ఇదే. గాలి ఒక్కటే ఆ పని చేయలేదు. మన ఇళ్లలో ఈ రోలరుకు చుట్టుకునేవి చూస్తే ఇంటి ఆనవాలు తెలుస్తుంది: పొడవాటి వెంట్రుకలు, పూలదండ దారం, చీర జరీపోగు. చాలా రోలర్లకు పొడవునా ఒక గాడి ఉంటుంది, అందులో కత్తెర మొన పెట్టి ఆ చివరనుంచి ఈ చివర దాకా కత్తిరిస్తే చుట్టంతా ఊడొస్తుంది. అక్కడితో ఆపకండి. రెండు చివర్లలో మూతలుంటాయి, వాటి కింద బేరింగులు. వెంట్రుకలు నెమ్మదిగా అక్కడికి చేరి కుదురుకుంటాయి. రాపిడికి వేడెక్కి ప్లాస్టిక్కు కరిగిపోయిన రోలర్లు చూశాను. మూతలు తీసి, వెంట్రుకలు లాగేసి, రోలరును వేలితో తిప్పాలి. రాపిడి లేకుండా కాసేపు తిరిగితే బాగున్నట్టు. గరగరమంటే బేరింగు పోయినట్టు.

రోలరును తిప్పేది ఒక చిన్న రబ్బరు బెల్టు. యంత్రం మొత్తంలో అతి చవక వస్తువు, అందరూ మరిచిపోయే వస్తువు. పళ్లున్న బెల్టయితే ఎక్కువ కాలం వస్తుంది. చదునుగా ఉండి సాగే రకమైతే, తెగకుండానే పనికిరాకుండా పోతుంది. వాడకాన్ని బట్టి ఆరు నెలలకో ఏడాదికో సాగిపోయి, లోపలివైపు నున్నగా మెరుస్తూ, జారడం మొదలుపెడుతుంది. పైనుంచి చూస్తే బ్రష్షు తిరుగుతూనే ఉంటుంది. కార్పెట్‌కి ఆనించగానే నిలిచిపోతుంది. "మునుపటిలా లాగడం లేదు" అని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఇది. రబ్బరు మాడిన వాసన వచ్చిందంటే బ్రష్షు ఎక్కడో పట్టేసింది, బెల్టు దానిమీద జారుతోంది.

ఈ ఏర్పాటు నిన్నా మొన్నా వచ్చింది కాదు. ఒహైయో రాష్ట్రంలోని కాంటన్ ఊళ్లో జేమ్స్ మర్రీ స్పాంగ్లర్ అనే ఆయన ఒక పెద్ద దుకాణంలో ఊడ్చే పని చేసేవారు. ఆయనకు ఉబ్బసం. ఊడ్చినప్పుడు లేచే దుమ్ముకు ఊపిరాడక, ఫ్యాను మోటారు, తిరిగే బ్రష్షు, చీపురు కర్ర, దుమ్ము పట్టడానికి దిండు గలీబు కలిపి ఒక యంత్రం చేసుకున్నారు. 1908లో పేటెంటు వచ్చింది. తోళ్ల వ్యాపారం చేసే హూవర్ కుటుంబం దాన్ని కొన్నది, ఆ తర్వాత పేరంతా హూవర్‌దే అయింది. ఊడ్చే మనిషి తన ఊపిరి కోసం చేసుకున్న యంత్రమిది. ఆ సంగతి నాకు ఎప్పుడు తలచుకున్నా ముచ్చటేస్తుంది.

ఉబ్బసమున్న ఇళ్లకు ఫిల్టరు సంగతి మరీ ముఖ్యం. మోటారుకు ముందు ఒక ఫిల్టరు, గాలి బయటికి వెళ్లేచోట ఇంకొకటి ఉంటాయి. రెండోది నిజమైన హెపా అయితే 0.3 మైక్రాన్ల రేణువుల్లో 99.97 శాతం ఆపుతుంది. అయితే చుట్టూ ఉన్న రబ్బరు సీలు పగిలితే గాలి ఫిల్టరును తప్పించుకుని పక్కనుంచి పోతుంది, ఆ అంకెకు అర్థం ఉండదు. కడగొచ్చని రాసి ఉన్న స్పాంజి ఫిల్టరునే కడగండి. చన్నీళ్ల కింద, సబ్బు లేకుండా, నీళ్లు తేటగా వచ్చేదాకా పిండాలి. ఆ తర్వాత పూర్తిగా 24 గంటలు ఆరాలి. టెక్సస్ ఎండకు సాయంత్రానికే పైపైన ఆరినట్టుంటుంది, లోపల తడి ఉంటుంది. తడి ఫిల్టరు పెట్టి నడిపితే దుమ్ము బురదై అంటుకుంటుంది, ఇల్లంతా ముక్కవాసన, మోటారుకు తేమ. ఇంకో ఫిల్టరు కొని ఉంచుకుంటే తొందర ఉండదు. నా అభిప్రాయం అడిగితే ఉబ్బసమున్నవాళ్లు సంచి ఉండే రకమే కొనాలి. డబ్బా రకంలో నెలల తరబడి పట్టిన దుమ్మంతా కుమ్మరించేటప్పుడు మళ్లీ మొహాన పడుతుంది. సంచి ఖర్చు మందుల ఖర్చుకన్నా తక్కువే.

వ్రతం రోజు కార్పెట్ మీద పడ్డ అక్షింతలు ఎత్తడానికి వాక్యూమ్ పనికొస్తుంది. పసుపు, కుంకుమ, ముగ్గుపిండి, విబూది మాత్రం దానికి పెట్టకండి. సన్నటి పొడి ఫిల్టరు రంధ్రాల్లో దిగి ఒక్క పూటలో మూసేస్తుంది. పీట వేసే ముందే కింద ఒక దుప్పటి పరిస్తే సరిపోతుంది. గోడకు చిల్లు వేసినప్పుడు రాలే పొడి కూడా అంతే.

తోసే తీరులోనూ లోపముంది. పరిగెత్తించినట్టు ముందుకూ వెనక్కూ ఊపేస్తారు. బ్రష్షు కొట్టడానికీ గాలి లాగడానికీ సమయం ఇవ్వాలి, ముఖ్యంగా వెనక్కి లాగేటప్పుడు నిదానించాలి. ఎత్తు మార్చే మీట ఉంటే ముందు బాగా పైకి పెట్టి, యంత్రం నడుస్తుండగా ఒక్కో మెట్టు దింపాలి. కుచ్చులు కార్పెట్‌ను తాకుతున్న చప్పుడు వినపడ్డచోట ఆపాలి. ఇంకా దింపితే తల కార్పెట్‌కి కరుచుకుంటుంది, గాలి ఆగిపోతుంది, బెల్టు అరుగుతుంది. గచ్చు మీద బ్రష్షు ఆపేసి నడపాలి, లేకపోతే గింజలన్నీ గదంతా చిమ్ముతుంది.

యంత్రం మీది స్టిక్కరుపై 12 ఆంపియర్లు అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. అది యంత్రం తినే కరెంటు, చేసే పని కాదు. అమెరికాలోని 120 వోల్టులతో లెక్కేస్తే 1,440 వాట్లు. యూరప్‌లో 2014 సెప్టెంబరులో 1,600 వాట్ల పరిమితి పెట్టి, 2017 సెప్టెంబరు నుంచి 900కు దించారు. అక్కడి కార్పెట్లు మురికిగా మిగిలిపోలేదు. గాలి దారినీ, తలనూ బాగుచేసి తయారీదారులు ఆ పరిమితిలోనే యంత్రాలు చేశారు. ఇంకో మాట, ఈ యంత్రాన్ని సామాన్లలో పెట్టి ఇండియాకు పంపకండి. మన 230 వోల్టులకు పెద్ద ట్రాన్స్‌ఫార్మరు కావాలి, ఫోన్లకు వాడే చిన్న కన్వర్టరు మాడిపోతుంది. పైగా మన టైల్సుకూ గ్రానైటుకూ దీని అవసరమే లేదు.

బాగుచేసుకుందామన్నవాళ్లకు పెద్ద అడ్డంకి విడిభాగాలు. మా అమ్మాయి యంత్రానికి బెల్టు కావాలని కంపెనీకి ఫోన్ చేయిస్తే, ఆ మోడల్ ఆపేశాం, కొత్తదాని మీద తగ్గింపు ఇస్తామన్నారు. చెక్కుచెదరని మోటారు, పగలని ఒళ్లు, వేలెడు రబ్బరు లేక చెత్తలోకి పోవాలా? నాకు కోపం వచ్చింది, ఇప్పటికీ ఉంది. కాలిఫోర్నియాలో 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న చట్టం, 100 డాలర్లు ఆపైన టోకు ధర ఉన్న గృహోపకరణాలకు, తయారీ ఆపిన తర్వాత ఏడేళ్ల దాకా భాగాలు, పనిముట్లు, రిపేరు వివరాలు అందించాలంటోంది. మన కేంద్ర వినియోగదారుల శాఖ 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచింది. పోర్టల్ సమాచారమిస్తుంది, కంపెనీ మెడలు వంచదు. కాలిఫోర్నియాలా గడువు రాసిన చట్టం మనకూ కావాలి.

అది వచ్చేలోపు కొనేవాళ్లు దుకాణంలోనే యంత్రాన్ని తిరగేసి చూడండి. అడుగుపలక స్క్రూలతో విప్పేలా ఉందా, రోలరు చేతికి వస్తుందా, బెల్టూ ఫిల్టరూ విడిగా అమ్ముతున్నారా అని అడగండి. లేదంటే ఆ మోడల్ అక్కడే వదిలేయండి. కంపెనీలను నేనడిగేది చాలా చిన్నది. ఆంపియర్ల అంకె వేసే ఆ స్టిక్కరు మీదే, దాని పక్కనే, బెల్టు నంబరూ ఫిల్టరు నంబరూ చెరిగిపోని సిరాతో అచ్చెయ్యాలి.