ఫైర్‌వాల్ ఆన్‌లోనే ఉంది... డేటా మాత్రం పోయింది!

టెర్మినల్‌లో 'స్టేటస్: యాక్టివ్' అని కనిపిస్తే చాలు, మన సర్వర్ సేఫ్ అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నా. ఆ ధీమాకి నేను కట్టిన మూల్యం, మా ఊరి క్రికెట్ టోర్నమెంట్ రెండేళ్ల స్కోర్లు.

చిన్న క్లౌడ్ సర్వర్ అద్దెకు తీసుకుని స్కోర్ల యాప్ పెట్టాను. ఉబుంటులో యూఎఫ్‌డబ్ల్యూ ఫైర్‌వాల్ ఆన్ చేసి 22, 80, 443 పోర్టులు మాత్రమే తెరిచాను. డేటాబేస్ కోసం డాకర్‌లో మాంగోడీబీ. ఏదో ట్యుటోరియల్‌లో చూసినట్టే పోర్ట్ దగ్గర 27017:27017 అని కొట్టాను. యూజర్ లేదు, పాస్‌వర్డ్ లేదు. ఫైర్‌వాల్ ఉందిగా!

కొన్ని రోజులకి యాప్ తెరిస్తే అంతా ఖాళీ. డేటాబేస్‌లో మిగిలింది ఒకే ఒక్క నోట్: బిట్‌కాయిన్ పంపితే డేటా తిరిగిస్తాం అని. పంపలేదు. ఇలాంటి దాడుల్లో చాలాసార్లు కాపీ కూడా తీసుకోకుండా డిలీట్ చేసేస్తారు. 2017 జనవరిలో పాస్‌వర్డ్ లేని వేలాది మాంగోడీబీ సర్వర్లకి పట్టిన గతే ఇది.

మరి ఫైర్‌వాల్ ఏం చేసింది? దాని తప్పేం లేదు. యూఎఫ్‌డబ్ల్యూలో మనం రాసే మామూలు రూల్స్ సర్వర్‌కి నేరుగా వచ్చే ట్రాఫిక్‌ని చూస్తాయి. డాకర్ మాత్రం పోర్ట్ పబ్లిష్ చేసినప్పుడు ఐపీటేబుల్స్‌లో సొంత రూల్స్ రాసుకుని, ఆ ట్రాఫిక్‌ని కంటైనర్‌కి మళ్లిస్తుంది. అంటే వీధి గేటుకి తాళం వేసి, పెరటి తలుపు నేనే తీసి పెట్టాను. 127.0.0.1:27017:27017 అని రాసుంటే ఆ తలుపు మూసే ఉండేది.

అయినా నా అసలు తప్పు అది కాదనే అంటాను. ఫైర్‌వాల్‌లో పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. ఆ ఒక్క పొరపాటుతో మొత్తం పోయే పరిస్థితి తెచ్చుకోవడమే అసలు తప్పు. అందుకే నా ఓటు సర్వీస్ అకౌంట్లకి. డేటాబేస్‌లో ఆథెంటికేషన్ ఆన్ చేసి, యాప్‌కి తన డేటాబేస్ వరకే చదివే, రాసే హక్కున్న యూజర్‌ని ఇస్తే, పోర్ట్ తెరిచి ఉన్నా దొంగకి పాస్‌వర్డ్ కావాలి. సర్వర్‌లో కూడా అంతే. 'పర్మిషన్ డినైడ్' రాగానే సుడో కొట్టడం, 777 ఇచ్చేయడం మనకి అలవాటైపోయింది. యాప్‌ని రూట్‌గా నడిపితే అందులో ఒక్క బగ్ చాలు, మొత్తం సర్వర్ వాడి చేతికి పోతుంది. ఒక్కో సర్వీస్‌కి లాగిన్ లేని ఒక్కో యూజర్‌ని పెట్టి, సిస్టమ్‌డీ ఫైల్‌లో ఆ పేరు రాయడానికి ఐదు నిమిషాలు చాలు.

'మన బుల్లి సర్వర్‌ని ఎవడు పట్టించుకుంటాడు బ్రో?' అని మా ఫ్రెండ్స్ అడుగుతుంటారు. బాట్లకి మీరెవరో అక్కర్లేదు. అవి ఐపీ అడ్రస్‌లన్నీ వరసగా తడుతూ పోతాయి, ఏది తెరుచుకుంటే అందులోకి దూరతాయి.

ఇప్పుడు కొత్తగా ఏది పెట్టినా ముందు ల్యాప్‌టాప్‌ని ఫోన్ హాట్‌స్పాట్‌కి కలిపి, ఎన్‌మ్యాప్‌తో నా సర్వర్‌ని బయటి నుంచి చూస్తాను. సర్వర్ లోపల కూర్చుని తాళం పడిందో లేదో చెప్పలేం. బ్యాకప్ వేరే చోట ఉంచుతాను. పాత స్కోర్లలో వాట్సాప్ స్క్రీన్‌షాట్లలో దొరికినవే మిగిలాయి. మా తమ్ముడి మొదటి హాఫ్ సెంచరీ వాటిలో లేదు. వాడు ఇప్పటికీ అడుగుతుంటాడు.