శయ్యాసన లక్షణమూ, వడ్రంగి ఉలీ

అమరకోశం చదివిన ప్రతి విద్యార్థికీ తక్షుడు, వర్ధకి, త్వష్ట, రథకారుడు అనే పర్యాయపదాలు కంఠస్థమే. ఆ పదాలకు అర్థమైన మనిషి చేతిపని మాత్రం మన పరిశోధనలకు చాలావరకు వెలుపలే నిలిచిపోయింది. చెక్కడపు మంచాలను, పీఠాలను కేవలం అలంకార వస్తువులుగా భావించడమే ఇందుకు ప్రధాన కారణమని నా అభిప్రాయం.

క్రీ.శ. 6వ శతాబ్దికి చెందిన వరాహమిహిరుడు బృహత్సంహితలో శయ్యాసనాలకు ప్రత్యేకంగా ఒక అధ్యాయం కేటాయించాడు. అందులో ముందుగా ప్రస్తావించినది చిత్రాలను కాదు, చెట్లను. చందనం, శాకం (టేకు), శింశుప (ఇరుగుడు) మొదలైనవి గ్రాహ్యాలు. పిడుగు పడినవి, ఏనుగులు కూల్చినవి, తేనెపట్టులూ పక్షిగూళ్లూ ఉన్నవి త్యాజ్యాలు. రాజుగారి శయ్యకు 100 అంగుళాలు, పురోహితుని శయ్యకు 72 అంగుళాలు ప్రమాణం. కొయ్యలోని రంధ్రాలకు సైతం సూకరనయనం, వత్సనాభం, కోలాక్షం వంటి ఆరు పేర్లున్నాయి.

వీటికి ముడిపెట్టిన శుభాశుభ ఫలాలను నేటి పాఠకుడు అంగీకరించనక్కరలేదు. కాని పిడుగుకు చీలిన మాను, తొర్ర ఉన్న పలక బరువు మోయజాలవనే అనుభవం ఆ నియమాల అడుగున ఉన్నదనుట సమంజసం.

మనం నిత్యం గ్రంథాన్ని ఉంచే వ్యాసపీఠమే ఇందుకు నిదర్శనం. ఒకే పలకను చీల్చి, నడుమ పరస్పరం ఇమిడే కీళ్లను మలిచి, మేకు లేకుండా దానిని నిలబెట్టడంలో ఉన్నది నైపుణ్యం. పైనున్న లతలు ఆ తరువాతివి. కంప్యూటరు నడిపే యంత్రం నేడు అవే లతలను వందల పలకలపై ఒకే తీరున చెక్కగలదు. కనుక హస్తకళ విలువను నగిషీతో కొలిస్తే యంత్రానిదే గెలుపు. పలక పలకకూ మారే నార పోకడను గుర్తించి ఉలిని మళ్లించే వివేకంతో కొలవడమే న్యాయం.

శ్రీకాళహస్తికి సమీపాన ఉన్న మాధవమాల వంటి గ్రామాలలో కొయ్యశిల్పులు నేటికీ ఉన్నారు. శాస్త్రం పేర్కొన్న ఆరు దోషాలను వారు ఏ తెలుగు మాటలతో గుర్తిస్తున్నారో విద్యార్థులచేత అడిగించి నమోదు చేయించడం మనకు అసాధ్యం కాదు. వారి సంతానం మరొక వృత్తికి మళ్లితే ఆ మాటలు నశిస్తాయి. అప్పుడు గ్రంథం మన చేతిలోనే ఉంటుంది. దానికి అర్థం చెప్పగల చేయి ఉండదు.