ఆరో రోజు

భర్త దెబ్బలు తట్టుకోలేక ఇల్లు విడిచి వచ్చిన ఆడమనిషి సఖి కేంద్రంలో ఐదు రోజుల దాకా ఉండవచ్చు. ప్రభుత్వ భాషలో దాని పేరు వన్ స్టాప్ సెంటర్. 2015 ఏప్రిల్‌లో మొదలైన కేంద్ర పథకం, ఖర్చు నిర్భయ నిధిది. వైద్యం, పోలీసు సాయం, వకీలు, కౌన్సెలింగ్, బస కోసం ఐదు ఆఫీసుల మెట్లెక్కకుండా అన్నీ ఒక్కచోటే దొరకాలన్నది ఉద్దేశం. ఆ ఐదు రోజుల్లో ఏం జరిగిందో ఫైల్లో ఉంటుంది. ఎవరు మాట్లాడారు, భర్తను ఎప్పుడు పిలిపించారు, ఎవరెవరు సంతకాలు పెట్టారు, అన్నీ ఉంటాయి. ఆరో రోజు పొద్దున పిల్లను చంకనేసుకుని ఆమె ఆటో ఎక్కి ఎటు వెళ్లిందో, ఆర్నెల్ల తర్వాత ఎలా ఉందో ఫైలుకు తెలియదు.

ఒకసారి ఒక కుటుంబ కౌన్సెలింగ్ కేంద్రంలో రిజిస్టరు తిరగేసే అవకాశం వచ్చింది. ఏ ఊరిదో అనవసరం. చివరి గడి పేరు 'ఫలితం'. ఎక్కువ వరసల్లో ఒకటే మాట: రాజీ. "రాజీ అయినవాళ్లలో మళ్లీ వచ్చినవాళ్లు ఎంతమందండీ?" అని అడిగాను. "మళ్లీ వస్తే కొత్త నంబరు వేస్తామండీ" అన్నారు అక్కడి మేడమ్. ఆమెను అనేదేం లేదు. గడి అలా గీసి ఇచ్చారు, ఆమె నింపుతున్నారు. కానీ కొత్త నంబరు పడటంతోనే పాత రాజీ పాత విజయంగానే మిగిలిపోతుంది. ఒకే మనిషి మూడుసార్లు దెబ్బలు తిని మూడుసార్లు వస్తే, లెక్కలో మూడు కాపురాలు నిలబడినట్టు.

ఈ ఆరో రోజు సంగతినే పట్టుకుని ఏళ్లకేళ్లు పనిచేసిన వాళ్లు అమెరికాలో ఉన్నారు. మిషిగన్ రాష్ట్ర రాజధాని లాన్సింగ్. దాన్ని ఆనుకునే మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ ఉంది. అక్కడి కమ్యూనిటీ సైకాలజిస్టు క్రిస్ సలివన్, గణాంకాల పని చూసిన డెబొరా బైబీ కలిసి, షెల్టర్ నుంచి బయటికి వచ్చిన 278 మంది మహిళలను రెండేళ్ల పాటు వెంబడించి 1999లో ఫలితాలు ప్రచురించారు. వాళ్ల కార్యక్రమం పేరు కమ్యూనిటీ అడ్వొకసీ ప్రాజెక్ట్. షెల్టర్‌లో ఉన్నన్ని రోజులూ ఆమెకు కాపలా ఉంది, సలహా ఉంది, అన్నం ఉంది. తలుపు దాటగానే ఇవేవీ ఉండవు. అసలు కష్టం అక్కడ మొదలవుతుందన్నది వాళ్ల అనుమానం.

అడ్వకేట్ అనగానే మనకు నల్లకోటు గుర్తొస్తుంది. వీళ్లు వకీళ్లు కారు. డిగ్రీ చదువుతున్న అమ్మాయిలు. ముందు గట్టి శిక్షణ, తర్వాత ప్రతి వారం అధ్యాపకుల పర్యవేక్షణ, చేసిన పనికి చదువులో క్రెడిట్లు. ఒక్కో అమ్మాయి ఒక్కో మహిళకు పది వారాల పాటు, వారానికి నాలుగు నుంచి ఆరు గంటలు తోడుగా ఉంటుంది. 'తోడు' అన్న మన మాటే ఈ పనికి సరిగ్గా అతుకుతుంది. ఇల్లు వెతకడం, ఉద్యోగం, పిల్లలను చూసుకునే చోటు, కోర్టు కాగితాలు, డాక్టరు, మంచం, కుర్చీ, ఏది కావాలంటే దానికోసం ఇద్దరూ కలిసి తిరుగుతారు. ఏది ముందు, ఏది తర్వాత అన్నది ఆ మహిళ ఇష్టం. భర్తను వదిలెయ్యమని చెప్పరు, కలిసుండమనీ చెప్పరు. భర్త దగ్గరికి తిరిగి వెళ్లినా తోడు ఆగదు. పది వారాలు దగ్గరపడేకొద్దీ అమ్మాయి ఒక్కో పనిలోంచి తప్పుకుంటూ, ఆఫీసుల్లో ఎవరిని ఎలా అడగాలో ఆమెకే అలవాటు చేస్తుంది. తోడు అయిపోయేది ఎప్పుడో మొదటి రోజే ఇద్దరికీ తెలుసు.

చదువుకునే పిల్లలనే ఎందుకు పెట్టుకున్నారంటే, జీతం ఇవ్వక్కర్లేదన్నది ఒక కారణం కావచ్చు. నాకు తోచిన ఇంకో కారణం ఉంది. ఇరవై ఏళ్ల పిల్లకు 'కాదు' అనిపించుకోవడం ఇంకా అలవాటు కాలేదు. కౌంటర్ వెనక గుమస్తా రేపు రమ్మంటే పదిహేనేళ్ల సర్వీసున్న ఉద్యోగి సరేనంటాడు. ఆ పిల్ల, ఎందుకు రావాలి, అని అడుగుతుంది.

కార్యక్రమం ఇంతే. నిజానికి నన్ను ఆకట్టుకున్నది దాన్ని కొలిచిన పద్ధతి. 278 మందిని చీటీలు వేసినట్టు రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు తోడు దొరికింది. రెండో జట్టుకు దొరకలేదు, షెల్టర్ దాటాక ఎవరికైనా ఊళ్లో మామూలుగా దొరికే సాయమే దొరికింది. ఇది అన్యాయం కదా అని మనకు ముందు అనిపిస్తుంది. నాకూ అనిపించింది. కానీ అందరికీ సరిపడా తోడులు ఎలాగూ లేనప్పుడు, ఎవరికి ఇవ్వాలన్నది సిఫారసు తేల్చడం కంటే చీటీ తేల్చడమే న్యాయం. పైగా మనం 'పాపం, ఈమెకు ఎక్కువ అవసరం' అనో, 'ఈమె చురుకైనది, బాగుపడుతుంది' అనో ఎంచుకుంటే, చివర కనిపించే తేడా తోడు వల్ల వచ్చిందో, మన ఎంపిక వల్ల వచ్చిందో ఎప్పటికీ తెలియదు.

తర్వాత ఆరుసార్లు ఇంటర్వ్యూ. షెల్టర్ నుంచి వచ్చిన వెంటనే ఒకసారి, పది వారాలకు, ఆర్నెల్లకు, ఏడాదికి, ఏడాదిన్నరకు, రెండేళ్లకు. అద్దె కట్టలేక ఇళ్లు మారేవాళ్లు, ఫోన్ కట్ అయ్యేవాళ్లు, భర్తకు దొరక్కుండా దాక్కునేవాళ్లు వీళ్లు. ఇలాంటివాళ్లను రెండేళ్లు వెంబడించడం అసాధ్యమనే అప్పట్లో చాలామంది పరిశోధకుల మాట. లాన్సింగ్ వాళ్లు దాదాపు తొంభై ఐదు శాతం మందిని పట్టుకోగలిగారు. చిట్కా చాలా మామూలుది. 'మీరు ఎక్కడున్నా మీ ఆచూకీ తెలిసేది ఎవరికి?' అని మొదటి రోజే అడిగారు. అక్క, పక్కింటావిడ, పనిచోట స్నేహితురాలు, ఇలా నాలుగైదు పేర్లు, వాళ్లను అడగడానికి ఆమె రాతపూర్వక అనుమతి. ఫోన్ కలవకపోతే స్వయంగా వెతుక్కుంటూ వెళ్లారు. ప్రతి ఇంటర్వ్యూకు డబ్బులిచ్చారు, తర్వాతి ఇంటర్వ్యూకు ఇంకాస్త ఎక్కువ. పేదరాలి సమయానికి వెల కట్టి చెల్లించడాన్ని మన సర్వేల్లో నేనింతవరకు చూడలేదు.

ఇక ఫలితం. రెండేళ్లలో ఒక్కసారి కూడా హింసకు గురికానివాళ్లు తోడు దొరికిన జట్టులో నలుగురికి ఒకరు. దొరకని జట్టులో పదిమందికి ఒకరు. తోడు దొరికినవాళ్లు తమ బతుకు మెరుగైందన్నారు, అండగా నిలిచే మనుషులు పెరిగారన్నారు, కావలసినవి సంపాదించుకోవడం తేలికైందన్నారు. 2002లో ఇదే బృందం ఇంకో మెట్టు దిగి చూసింది: తోడు వల్ల వనరులు, మనుషులు దక్కారు, వాటివల్ల బతుకు మెరుగైంది, మెరుగైన బతుకు దెబ్బలకు అడ్డుపడింది. ఆ పది వారాల్లో భర్తకు బుద్ధి చెప్పినవాళ్లు ఎవరూ లేరు.

ఈ లెక్కను తిప్పి చదివితే చేదుగా ఉంటుంది. తోడు దొరికినా నలుగురిలో ముగ్గురు రెండేళ్లలో ఎప్పుడో ఒకప్పుడు మళ్లీ హింస చూశారు. మూడో ఏడు మళ్లీ వెళ్లి అడిగితే, బతుకు బాగుండటంలో తేడా నిలిచింది గానీ దెబ్బల విషయంలో రెండు జట్ల మధ్య తేడా చెరిగిపోయింది. ఆ సంగతి కూడా వాళ్లే రాసి ప్రచురించారు. ఇలాంటి వాక్యం మన శాఖల వార్షిక నివేదికల్లో నాకింతవరకు తగల్లేదు. తగిలిన రోజున ఆ శాఖ చెప్పే మిగతా అంకెలను నమ్ముతాను.

తోడు అంటే వెంట నడవడమేనా, ఫోన్లో పలకరిస్తే చాలదా అన్నది తర్వాతి ప్రశ్న. దీనికి హాంకాంగ్ నుంచి ఒక జవాబుంది. ఆగ్నెస్ తివారి బృందం 200 మంది చైనీస్ మహిళలతో అలాంటి చీటీల పరీక్షే చేసి 2010లో ప్రచురించింది. పన్నెండు వారాల కార్యక్రమం, అందులో ప్రధానం వారం వారం ఫోన్ పలకరింపు. మనసు కుంగుబాటు కాస్త తగ్గింది, కానీ వైద్యపరంగా లెక్కలోకి తీసుకోదగ్గంత కాదని వాళ్లే తేల్చారు. రెండు చోట్లా కొలిచినవి వేరు, ఊళ్లు వేరు, కాబట్టి పక్కపక్కన పెట్టి తూచలేం. అయినా, ఒక హెల్ప్‌లైన్ నంబరు గోడకు అంటించి చేతులు దులుపుకునేవాళ్లు ఈ రెండూ చదవాలి. ఇంటి ఓనరు దగ్గరికి ఫోన్ నడిచి వెళ్లదు.

లాన్సింగ్‌ను ఉన్నది ఉన్నట్టు తెచ్చి మన నేల మీద నాటితే బతకదు. అక్కడ ఒంటరి ఆడమనిషి అద్దెకు ఇల్లడిగితే డిపాజిట్ అడుగుతారు. ఇక్కడ 'మీ ఆయన ఏం చేస్తారమ్మా?' అని అడుగుతారు. ఆ పరిశోధనలోని మహిళల్లో ఎక్కువమందికి ప్రభుత్వ భృతి అందేది. ఇక్కడ రేషన్ కార్డు అత్తగారింట్లో, ఆధార్ అత్తగారి చిరునామాతో, బంగారం అత్తగారి బీరువాలో. పిల్లల టీసీ ఇవ్వాలంటే తండ్రి సంతకం కావాలనే బడులున్నాయి. పుట్టింటికి పోతే రెండు వారాలు కన్నీళ్లు, మూడో వారం నుంచి 'సర్దుకుపోవాలమ్మా'. మన తోడు చేయాల్సిన పనుల చిట్టా ఇది. చట్టం చేతిలోనే ఉంది: 2005 గృహహింస చట్టం, 2006 అక్టోబరు 26 నుంచి అమల్లోకి వచ్చింది. అర్జీ పడ్డాక మూడు రోజుల్లో మొదటి వాయిదా, అరవై రోజుల్లో తేల్చే ప్రయత్నం చేయాలంటుంది, ఉమ్మడి ఇంట్లో ఉండే హక్కు ఇస్తుంది. కాగితం మీది ఆ హక్కుతో గడప దాటి లోపలికి వెళ్లేటప్పుడు పక్కన ఎవరుంటారన్నది చట్టంలో లేదు.

ఇంకో తేడా మరీ పెద్దది. లాన్సింగ్ పరిశోధన షెల్టర్ దాకా వచ్చినవాళ్లది. మన దగ్గర అంతదూరం వచ్చేదెవరు? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం పెళ్లయిన మహిళల్లో భర్త చేతిలో హింస చూసినవాళ్లు తెలంగాణలో సుమారు 37 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం. దేశం మొత్తం మీద హింసకు గురైనవాళ్లలో సాయం అడిగినవాళ్లు 14 శాతం. ముప్పావు వంతుకు పైగా ఎవరికీ, కన్నతల్లికి కూడా, చెప్పలేదు. కేంద్రానికి వచ్చినవాళ్ల లెక్క ఎంత బాగున్నా అది ఆ 14 శాతంలోని కొందరి కథే. అక్కడ అమెరికాలోనూ ఇదే వరస. లాన్సింగ్ మహిళల్లో అత్యధికులు నల్లజాతివాళ్లు, శ్వేతజాతివాళ్లు. భర్త వీసా మీద ఆధారపడి వెళ్లిన మన అమ్మాయి, సొంత సంపాదన లేక, డ్రైవింగ్ రాక, పెద్దమ్మకు తెలిస్తే పరువు పోతుందని, అలాంటి షెల్టర్ గడప తొక్కదు. న్యూజెర్సీలో 1985లో దక్షిణాసియా మహిళల కోసం మానవి అనే సంస్థ పుట్టింది ఆ ఖాళీలోంచే. తన భాషలో 'ఏమైంది తల్లీ' అని అడిగే మనిషి ఉంటే తప్ప నోరు విప్పనివాళ్లను ఊరందరికీ కలిపి తెరిచిన తలుపు పిలవలేదు.

మన దగ్గర అలా అడిగేవాళ్లు లేకపోలేదు. పొదుపు సంఘాల మహిళలు సమాఖ్యల తరఫున కుటుంబ తగాదాల్లో కూర్చున్న అనుభవం రెండు రాష్ట్రాల్లోనూ ఉంది. సోషల్ వర్క్‌లో పీజీ (ఎం.ఎస్.డబ్ల్యూ.) చదివే పిల్లలు ఎలాగూ వారంలో ఒకటి రెండు రోజులు ఫీల్డ్ వర్క్‌కు వెళ్లాలి, చాలాచోట్ల ఏదో ఆఫీసులో మూల కూర్చుని రికార్డు రాసుకొస్తారు. ఊరి గుట్టు తెలిసిన సంఘం అక్క ఒకరు, ఆఫీసు భాష తెలిసిన పిల్ల ఒకరు, ఇద్దరూ కలిసి ఒక మహిళకు పది వారాలు తోడు నడవడానికి కొత్త బిల్డింగ్ అక్కర్లేదు. సంఘం అక్కతో ఒక చిక్కుంది, దాచుకోకూడదు: ఆమె ఆ ఊరి కోడలే. కొట్టినవాడు ఆమెకు మరిది వరస కావచ్చు, రాజీ మాట ముందు ఆమె నోటే రావచ్చు. అందుకే ఎవరు తోడు నడుస్తారో వాళ్లు కొలవకూడదు. ఆర్నెల్లకు వెళ్లి అడిగే మనిషి వేరే అయి ఉండాలి. సాయం చేసినవాళ్లు ఎదురుగా కూర్చుని 'బాగున్నావా' అంటే మన ఆడవాళ్లు 'మీ దయవల్ల బాగున్నానమ్మా' అనే అంటారు, చీర కొంగు కింద వాతలున్నా.

జిల్లాల్లో మహిళా శిశు సంక్షేమ శాఖ బాధ్యతలు చూస్తున్న అధికారులకు ఒక మనవి. ఒక్క జిల్లాలో, ఒక్క ఏడాది, రిజిస్టరులో 'ఫలితం' పక్కన మూడు గడులు గీయించండి. ఆమె ఏం కావాలని వచ్చింది, ఆ మాట ఆమె నోటితోనే. ఆర్నెల్లకు అది దక్కిందా. మళ్లీ దెబ్బ పడిందా. రెండోసారి వచ్చినామెకు కొత్త నంబరు వేయకండి, పాత నంబరు కిందే రాయండి. మొదటి ఏడాది అంకెలు చూసి మీ పై అధికారి కోప్పడతారు. కోప్పడనివ్వండి.