ముందు మా మాట వినండి, ఆ తర్వాతే చీటీ రాయండి

మొన్న వానాకాలంలో మా మాదిగపల్లె నుంచి పది నెలల బిడ్డని, తల్లిని వెంటబెట్టుకుని సర్కారు ఆసుపత్రికి పోయాం. డాక్టరు గారు బల్ల అవతల నుంచే "జొరమా?" అన్నారు, చీటీ రాసేశారు. బిడ్డ చొక్కా ఎత్తి చూడలేదు. "పొద్దుట్నించి రొమ్ము పట్టడం లేదయ్యా" అని తల్లి అంటుంటే "తర్వాతోళ్లు రండి" అన్నారు.

ఆ మాట వరండాలో ఉన్న నర్సమ్మ చెవిన పడింది. బిడ్డ పొట్ట మీద బట్ట తీసి, గడియారం చూస్తూ నిమిషం పాటు ఊపిరి లెక్కబెట్టింది. 64. డొక్కలు లోపలికి పీక్కుపోతున్నాయి. న్యుమోనియా. ఆ రాత్రే పెద్దాసుపత్రికి తీసుకుపోబట్టి బిడ్డ దక్కాడు.

నర్సమ్మ మాయలేం చేయలేదు. విన్నది, ముట్టుకుంది, లెక్కబెట్టింది. పసిబిడ్డకు నోరు లేదు. వాడి జబ్బు చెప్పగలిగింది తల్లే. ఎన్నాళ్ల నుంచి? తాగుతున్నాడా? ఒంటేలు పోస్తున్నాడా? టీకాలు వేయించారా? ముందేం మందు వాడారు? ఇవి అడగటమే వైద్యానికి మొదటి మెట్టు. కూలితల్లి మాటకు విలువ లేదనుకునే చోట ఆ మెట్టే విరిగిపోతోంది. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. మరి ముట్టుకోని ఈ వైద్యాన్ని ఏమనాలి?

మనలోనూ లోపం ఉంది. తిడతారని భయపడి ఆరెంపీ సూదిని, చెట్టుమందును దాస్తున్నాం. దాస్తే నష్టపోయేది మన బిడ్డే.

ఇవి గోడల మీద రాసుకుందాం. బిడ్డ పాలు, నీళ్లు తాగలేకపోయినా, తాగిందంతా కక్కేసినా, ఫిట్స్ వచ్చినా, లేపినా లేవకుండా మగతగా పడి ఉన్నా తెల్లారేదాకా ఆగొద్దు. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు ఊపిరి లెక్కబెట్టండి. నిమిషానికి రెండు నెలల లోపు బిడ్డకు 60, ఏడాది లోపు 50, ఐదేళ్ల లోపు 40, ఆ పైన ఉంటే ప్రమాదం. విరేచనాలతో కళ్లు గుంటలు పడినా, పొట్ట మీద చర్మం పట్టి వదిలితే మెల్లగా సర్దుకున్నా ఒంట్లో నీరు తగ్గిపోయినట్టే. తాగగలిగితే ఓఆర్‌ఎస్ తాగిస్తూనే బయల్దేరండి. 108కి ఫోన్ చేయండి.

మా బడిలో ఏడో తరగతి పిల్లలకు ఈ లెక్క నేర్పాం. గడియారం చూడటం రాని తల్లికి ఇప్పుడు వాళ్లే గడియారం. మీ పల్లెలోనూ నేర్పండి.

ఇక ఆసుపత్రికి తల్లిని ఒంటరిగా పంపొద్దు. నలుగురం వెంట పోదాం. గొడవకు కాదు, ఒక్క మాట అడగడానికి: "అయ్యా, ముందు ఈ తల్లి చెప్పేది వినండి. బిడ్డ చొక్కా ఎత్తి చూడండి. ఆ తర్వాతే చీటీ రాయండి."